చెల్లి బాలింత, నాలుగు రాత్రులుగా కన్ను మూయలేదు. ఆదివారం దాకా ఆగొచ్చా?

తెనాలి అన్నయ్య

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఇంట్లో వాళ్లకి తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు.

మా చెల్లికి 26 ఏళ్లు, తొలి కాన్పు. తెనాలి దగ్గర మా ఊళ్లో, పుట్టింట్లోనే ఉంది. ఆపరేషన్ అయి ఇవాళ్టికి పది రోజులు. పాప బాగుంది, 2.8 కిలోలు. చెల్లి ఐదో రోజు ఇంటికి వచ్చింది. వచ్చినప్పుడు బాగానే ఉంది, కుట్లు లాగుతున్నాయనడం తప్ప ఏ గొడవా లేదు. ఆ మర్నాటి నుంచే నిద్ర పోయింది. పాప ఏడుపు వల్ల పడుకోవట్లేదేమో అనుకున్నాం. పాప పడుకున్నా తను పడుకోదు. రాత్రి రెండింటికి లేచి చూస్తే పొత్తిగుడ్డలన్నీ మంచం మీద పరిచి మడతలు పెడుతోంది. అంచుకి అంచు సరిగ్గా రాకపోతే అన్నీ విప్పి మళ్లీ మొదటి నుంచి. అలసిపోయినట్టు కూడా ఉండదు. మొహంలో అదో రకం హుషారు.

మొన్న అమ్మతో "ఇది నా పాప కాదు, ఆసుపత్రిలో మార్చేశారు, కాలికి కట్టిన ట్యాగ్ మీద అక్షరాలు వేరేగా ఉన్నాయి" అందట. అమ్మ నవ్వేసింది. నిన్న టీవీ ఆపేయమంది, వార్తలు చదివే అమ్మాయి తన గురించే చెబుతోందట. అమ్మ అన్నం కలిపి పెడితే వాసన చూసి పక్కన పెడుతోంది. ఒక మాట మొదలుపెట్టి సగంలో ఇంకో దాంట్లోకి వెళ్లిపోతుంది. ఉన్నట్టుండి ఏడుస్తుంది, కాసేపటికే నవ్వుతుంది. విచిత్రం ఏమిటంటే మధ్యాహ్నం ఓ గంటసేపు మామూలుగా ఉంటోంది. నిన్న నా ఆఫీసు సంగతులు అడిగింది, నా ఇంటి లోన్ మీద జోకు కూడా వేసింది. అది చూసి నాన్న "ఏం లేదురా, నిద్ర లేక అంతే" అంటున్నారు.

నాయనమ్మేమో గాలి సోకిందంటోంది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. పక్క ఊళ్లో ఒకాయన ఉన్నాడు, ఆదివారం అక్కడికి తీసుకెళ్దామంటున్నారు. రేపు పదకొండో రోజు పురిటి స్నానం, అది కాకుండా గడప దాటించకూడదట. నాన్న వేసుకునే నిద్రమాత్ర సగం విరిచి పాలలో కలిపి ఇద్దామని పిన్ని సలహా.

అసలు భయం వేరే ఉంది. మా బావ ఉద్యోగం హైదరాబాదులో. ఇరవై ఒకటో రోజు బారసాలకి వాళ్ల వాళ్లందరూ వస్తారు. ఈలోగా ఈ విషయం వాళ్ల చెవిన పడకూడదని అమ్మానాన్నల తాపత్రయం. "పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లామని తెలిస్తే దాని కాపురం ఏం కాను" అంటారు.

ఇది దానంతటదే తగ్గేదేనా? ఆదివారం దాకా ఆగొచ్చా? ఆగకూడదంటే గైనిక్ దగ్గరికా, మానసిక డాక్టరు దగ్గరికా? తను రానంటే ఏం చేయాలి? ఎవరైనా చూసినవాళ్లు ఉంటే చెప్పండి. నాకైతే టెన్షన్‌తో కాళ్లూ చేతులూ ఆడట్లేదు.

మంగళగిరి పెద్దమ్మ

అబ్బాయ్, పచ్చి బాలింతకి ఇవన్నీ ఉండేవే. మా రోజుల్లో నలుగురేసి, ఐదుగురేసి పిల్లల్ని కన్నాం, ఎవరికి నిద్ర ఉంది? ఒంట్లో వాతం చేరి ఉంటుంది. వెల్లుల్లి కారం, కాయం బాగా పెట్టండి. చెవుల్లో దూది తీయనివ్వద్దు. నీళ్లు ఎక్కువ ఇవ్వద్దు, ఒళ్లు నీరు పడుతుంది. పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి పొగ వేయండి. పిచ్చాసుపత్రి మెట్లు ఎక్కించారంటే ఆ మచ్చ జన్మలో పోదు. ఆడపిల్ల బతుకు, ఆలోచించుకో.

రిటైర్డ్ సిస్టరమ్మ

బాబూ, ఆదివారం దాకా కాదు, రేపు పొద్దుటి దాకా కూడా ఆగొద్దు. ఈ రాత్రికే బయల్దేరండి. పురిటి స్నానం ఆసుపత్రి నుంచి వచ్చాక చేయించుకోవచ్చు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. సగం సర్వీసు ప్రసూతి వార్డులో, సగం మానసిక వార్డులో. ఆ వార్డు నుంచి ఈ వార్డుకి నడిపించుకొచ్చిన బాలింతలు నాకు బాగా గుర్తు. కాన్పయిన రెండు వారాల్లోపు, రాత్రుళ్లు నిద్ర లేకపోయినా నీరసం లేకుండా హుషారు, బిడ్డ తనది కాదనడం, టీవీలో తన గురించే అంటున్నారనడం, అన్నం మీద అనుమానం, కాసేపు తెలివి కాసేపు అయోమయం. ఇవన్నీ కలిసి వస్తే డాక్టర్లు మొదట అనుమానించేది పోస్ట్‌పార్టమ్ సైకోసిస్, అంటే కాన్పు తర్వాత మతి చెదిరే జబ్బు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఇక్కడ కూర్చుని జబ్బు పేరు తేల్చడం నా పని కాదు, డాక్టరు పని. కానీ ఎమర్జెన్సీ అనడానికి నువ్వు రాసినది చాలు. ఇంట్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఆదివారం చూద్దాం అంటారా?

పెద్దమ్మ గారి మాట పూర్తిగా తీసిపారేయను. మూడో రోజు, నాలుగో రోజు చాలామంది బాలింతలు ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటారు, చిరాకు పడతారు. రెండు వారాల్లోపు అదే సర్దుకుంటుంది. వేళకింత అన్నం, కాస్త నిద్ర, ఒక మంచి మాట ఉంటే చాలు. ఇంకోటి డిప్రెషన్. మన దేశంలో బాలింతల్లో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఉంటుందని లెక్క. అది మెల్లగా కమ్ముకుంటుంది. దేని మీదా మనసు నిలవదు, నేను తల్లిగా పనికిరానంటారు, చచ్చిపోతే బాగుండంటారు. దానికీ వైద్యం కావాలి. మీ చెల్లిది ఈ రెండూ కాదు, గంటల్లో ముదిరే రకంలా ఉంది.

ఆ మధ్యాహ్నం గంట చూసి మోసపోవద్దు. ఈ జబ్బు తీరే అంత, వస్తూ పోతూ ఉంటుంది. మా వార్డు గుమ్మంలో బంధువులందరిదీ ఒకటే పాట, "ఇందాక బాగానే మాట్లాడింది సిస్టర్, తీసుకెళ్లిపోతాం" అని. నేను ఆ పిల్ల పక్కన కూర్చుని, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశావో వరసగా చెప్పమ్మా అనేదాన్ని. పళ్లు తోముకున్నా అంటుంది. కాఫీ తాగా అంటుంది. ఇక ఆ కాఫీ గ్లాసు దగ్గరే ఉండిపోతుంది. ఆ గ్లాసు ఎవరు కడిగారు, ఎందుకు కడిగారు, అడుగున ఏముంది. టిఫిను దాకా రానే రాదు. పక్కన నిలబడిన వాళ్లమ్మకి అప్పుడు అర్థమయ్యేది.

ఎక్కడికి అన్నావు. గైనిక్, మానసిక వైద్యం రెండూ ఒకే ఆవరణలో ఉన్న పెద్దాసుపత్రికి. మీకైతే గుంటూరు జనరల్ ఆసుపత్రి దగ్గర. తిన్నగా క్యాజువాలిటీకి వెళ్లండి. రెండూ ఎందుకంటే, పచ్చి బాలింతకి మతి చెదిరితే అది మనసు జబ్బే అని ముందే తీర్మానించకూడదు. కుట్లు చీము పట్టినా, గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉన్నా, బీపీ పెరిగినా, థైరాయిడ్ తేడా చేసినా, మెదడులో రక్తం గడ్డకట్టినా ఇలాగే మాట్లాడొచ్చు. జ్వరం, భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, ఒక పక్క కాలూ చెయ్యీ పట్టు తప్పడం, వీటిలో ఏదైనా ఉందేమో చూడండి.

నీళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. బాలింతకి నీళ్లివ్వకుండా నోరెండబెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. కాన్పయిన కొత్తలో రక్తం మామూలుగానే గడ్డకట్టే గుణం మీద ఉంటుంది, ఒంట్లో నీరు కూడా తగ్గితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పెద్దమ్మ గారూ, వెల్లుల్లి కారం ఎంతైనా పెట్టండి, నీళ్లు మాత్రం ఆపకండి.

డిశ్చార్జి కాగితం, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు అట్టలతో సహా పట్టుకెళ్లు. పాలు ఆగడానికి మాత్ర ఏదైనా ఇచ్చి ఉంటే తప్పకుండా చెప్పు, అలాంటి వాటిలో కొన్నిటితోనూ మతి చెదరొచ్చు. ఇదివరకు బైపోలార్ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు దిగులు) జబ్బు ఉన్నవాళ్లు, కాన్పు తర్వాత ఇలా అయినవాళ్లు మీ వంశంలో ఎవరైనా ఉన్నారేమో నాయనమ్మని గుచ్చి గుచ్చి అడుగు. ఉన్నా ఒక పట్టాన చెప్పరు.

మీ నాన్నగారి నిద్రమాత్ర ముట్టుకోవద్దు. ఏ మందు, ఎంత పడాలో డాక్టరు తేల్చాలి, పైగా పాలలో పాపకీ వెళ్తుంది. ఇంకో మాట. అసలే అన్నం మీద అనుమానపడుతున్న పిల్ల. చాటుగా మాత్ర కలిపారని నాలిక్కి చేదు తగిలిందంటే ఇక మీ చేతి మంచినీళ్లు కూడా తాగదు.

బయల్దేరే దాకా చెల్లి దగ్గర ఒకరు, పాప దగ్గర ఇంకొకరు ఉండండి. తల్లీబిడ్డల్ని ఇద్దర్నే వదలొద్దు. చెల్లిని బాత్‌రూమ్‌లో కూడా గడియ పెట్టుకోనివ్వద్దు. అలాగని పాపని చేతుల్లోంచి లాక్కోవద్దు. లాక్కున్నారంటే, మార్చేశారన్న మాట ఆమెకి రుజువైపోయినట్టే. మీ అమ్మ పాపని ఒళ్లో పెట్టుకుని చెల్లి పక్కనే కూర్చుంటే చాలు. మేడ తలుపు, బావి, కత్తిపీట, మందుల డబ్బా, కొట్టంలో ఉండే పొలం మందులు, వీటన్నిటి సంగతి ఇప్పుడే చూడు. తాళం వేసేవి వెయ్యి, బయటికి పంపేవి పంపు. కట్టేయడం, చెంపమీద కొట్టడం, వేపమండలు, పొగ, ఏవీ వద్దు.

మాట్లాడేటప్పుడు పాప నీదే అని వాదించకు. అవును మార్చేశారు అని వంత కూడా పాడకు. "నీకలా అనిపిస్తుంటే ఎంత భయంగా ఉంటుందో నాకు తెలుస్తోందమ్మా. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు కదా, అది డాక్టరుకి చూపిద్దాం, నేను పక్కనే ఉంటా." ఇంతే. గుడికని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లొద్దు, దారిలో తెలిసిపోతుంది, తెలిశాక నీ మాట నమ్మదు. చుట్టూ పదిమంది చేరొద్దు. ఒక్కరే మాట్లాడాలి, నెమ్మదిగా.

ఇంకోటి అడగాలి, కష్టమే అయినా. "చచ్చిపోవాలని అనిపిస్తోందా? పాపని ఏమైనా చేయాలని గాని, చేయమని ఎవరో చెబుతున్నట్టు గాని ఉందా?" అని మామూలు గొంతుతో, సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం. పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది. అవునన్నా, తేలిగ్గా దాటేసినా, ఆ జవాబు డాక్టరుకి యథాతథంగా చెప్పు.

ఎంతకీ రానంటే 108కి చెయ్యి. ఎలా ఒప్పించాలో తెలియకపోతే 14416, టెలి మానస్, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అయితే, ఇంటి మనిషి ఒప్పుకోలుతో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల దాకా అత్యవసర వైద్యం చేయడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో వీలుంది. కాబట్టి రోగి ఒప్పుకోలేదు, మేమేం చేయలేం అంటే వెనక్కి రావద్దు.

క్యాజువాలిటీలో మొదటి మాట జాగ్రత్త. "నిద్ర పట్టట్లేదండి" అని మొదలుపెట్టావంటే, అరవైమందిని చూసి అలసిపోయిన కుర్ర డాక్టరు మాత్ర రాసి పంపేస్తాడు. "పదో రోజు బాలింత, నాలుగు రాత్రులుగా నిద్ర లేదు, బిడ్డ తనది కాదంటోంది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పు.

బావకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఆ పిల్ల మొగుడతను. రేపు ఎవరో చెబితే తెలియడం కంటే ఈ రాత్రి నువ్వు చెబితే తెలియడం మేలు.

గోదావరి గట్టు

సిస్టర్ గారు చెప్పినట్టు చేయండి అన్నయ్యా. నేను లోపలి నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. 2016లో మా బాబు పుట్టినప్పుడు నాకు ఇదే వచ్చింది.

నాకు బాగోలేదని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అందరికన్నా నాకే అన్నీ స్పష్టంగా తెలుస్తున్నాయనిపించేది. క్యాలెండర్‌లో ఎర్ర రంగు తేదీలన్నీ నా కోసమే వేశారని, గోడ గడియారం ముల్లు దేని మీద ఆగితే దాన్నిబట్టి ఏదో జరగబోతోందని లెక్కలు వేసుకునేదాన్ని. ఉయ్యాల గొలుసు చప్పుడులో మాటలు వినిపించేవి. ఆ మాటలు ఇక్కడ రాయను. మా ఆయన "అలాంటిదేం లేదు, పిచ్చిపిచ్చిగా మాట్లాడకు" అన్నప్పుడల్లా, సరే, ఈయన కూడా వాళ్లతో కలిసిపోయారు అనుకునేదాన్ని.

మా మేనత్త ఒక్కత్తే నాతో వాదించలేదు. కంచంలో అన్నం కలిపి, ముందు తను రెండు ముద్దలు తిని, కంచం నా వైపు జరిపేది. తిను అని కూడా అనేది కాదు. నేను తిన్నా తినకపోయినా మళ్లీ పూటకి అదే. చివరికి ఆవిడ చెయ్యి పట్టుకునే ఆసుపత్రికి వెళ్లాను. మీ ఇంట్లో కూడా చెల్లికి ఎవరి మీద ఇంకా నమ్మకం మిగిలి ఉందో చూడండి. అది మీరే కావచ్చు, మీ లోన్ మీద జోకు వేసిందంటున్నారు కదా. కారులో ఆ మనిషే పక్కన కూర్చోవాలి.

ఆసుపత్రి కంటే ముందు నన్ను ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. పచ్చి కుట్లతో మూడు గంటలు నేల మీద కూర్చోబెట్టి పొగ వేశారు. దగ్గు వస్తే కుట్లు ఎలా ఉంటాయో ఆపరేషన్ అయినవాళ్లకి తెలుసు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా అనుకోవట్లేదు.

మందులు పడ్డాక మొదట నిద్రే నిద్ర. అనుమానాలు ఒక్కసారిగా పోలేదు, ఒక్కోటీ పలచబడుతూ వచ్చాయి. అన్నీ పోయాక అసలు కష్టం మొదలైంది. నేను అన్నవి గుర్తొచ్చి, బాబు మొహం చూడ్డానికి సిగ్గేసేది. ఆ దిగులు కూడా ఈ జబ్బు వెనకాలే వస్తుందని డాక్టరు చెప్పి దానికీ మందిచ్చారు. అందుకని ఒక మాట. చెల్లి కోలుకున్నాక "నువ్వప్పుడు ఏమన్నావో తెలుసా" అని నవ్వులాటకి కూడా ఎవర్నీ ఎత్తనివ్వకండి. ముఖ్యంగా పిన్నుల్ని.

తర్వాత నాకు పాప పుట్టింది. మళ్లీ వచ్చే అవకాశం ముగ్గురిలో ఒకరికి, ఇంకా ఎక్కువే కూడా ఉండొచ్చని ముందే చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడే సైకియాట్రిస్టు, గైనిక్ ఇద్దరూ మాట్లాడుకున్నారు. కాన్పయిన రోజే మాత్ర మొదలుపెట్టారు, రాత్రిళ్లు పాపకి సీసా పాలు మా ఆయన పట్టేవారు, నా నిద్ర చెడనివ్వలేదు. రాలేదు. ఇప్పుడు ఇద్దరూ స్కూలుకి, నేను బ్యాంకుకి.

తెనాలి అన్నయ్య

ఆసుపత్రి వరండాలోంచి రాస్తున్నాను. రాత్రే వచ్చేశాం.

వాదించలేదు. సిస్టర్ గారు చెప్పిన మాటలే చెప్పాను. చచ్చిపోవాలని ఉందా అని అడగడానికి చాలాసేపు నోరు రాలేదు. అడిగాను. "నాకెందుకు, వాళ్లే నన్ను చంపుతారు" అంది. పాపని ఏమైనా చేయాలని ఉందా అంటే, నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, "దాన్ని వాళ్లకి దొరక్కుండా దాచాలి, చోటు చూశాను" అంది. ఎక్కడ అంటే పెరటి వైపు చూసింది. పెరట్లో మాకు బావి ఉంది. నాన్న పక్కనే నిలబడి ఉన్నారు. ఇక ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లి చెప్పులేసుకున్నారు. నాయనమ్మ స్నానం సంగతి ఎత్తితే, ఆయన తల్లి మీద గొంతు లేపడం నేను పుట్టాక అదే చూడ్డం.

కిటికీ పక్కన కూర్చోనంది, నాకూ అమ్మకీ మధ్య కూర్చోబెట్టాం. పాప వెనక సీట్లో పిన్ని దగ్గర. క్యాజువాలిటీలో ఆ వాక్యం గుక్క తిప్పుకోకుండా చెప్పాను. రాసుకుంటున్న డాక్టరు తలెత్తి చూశాడు. జ్వరం 101 ఉంది, మాకెవ్వరికీ తెలియనే తెలియదు. కుట్ల చివర చీము. రక్తపరీక్షలు, తలకి స్కానింగ్ చేశారు. గడ్డలేమీ లేవట. మానసిక విభాగం డాక్టరమ్మ వచ్చి మంచం పక్కనే కూర్చుని చాలాసేపు మాట్లాడారు. ఇన్ఫెక్షన్‌కి మందులు పెడుతూ, దీనికీ వెంటనే మొదలుపెట్టాలి, రెంటిలో ఏది ఎంతన్నది రెండు మూడు రోజుల్లో తేలుతుంది అన్నారు. ఇంజెక్షన్ ఇచ్చాక పడుకుంది. ఇంకా లేవలేదు.

బావ తెల్లారేసరికి బస్సు దిగాడు. ఫోన్ చేసినప్పుడల్లా "మన మాటలు ఎవరో వింటున్నారు, పెట్టేయ్" అంటోందట తనతో. లైను బాగోలేదేమో అనుకున్నాడట. వాళ్లమ్మగారికి తనే చెబుతానన్నాడు.

ఇప్పుడు నా సందేహాలు. పాపని తల్లి నుంచి విడదీసేస్తారా? పాలు మాన్పించాలా? "అవసరమైతే కరెంటు ట్రీట్‌మెంట్" అన్నమాట విని అమ్మ ఏడుస్తోంది. బారసాల, చుట్టాలు, అదో పక్క.

రిటైర్డ్ సిస్టరమ్మ

జ్వరం దొరికింది, మంచిదే. దొరకనివాటి గురించే మా భయం. ఆ బావి మాట డాక్టరమ్మకి చెప్పావా? చెప్పకపోతే ఇప్పుడే వెళ్లి చెప్పు.

పాప సంగతి. మూడేళ్లలోపు బిడ్డని వైద్యంలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని నేను చెప్పిన ఆ చట్టంలోనే ఉంది. బిడ్డకి అపాయం అనుకుంటే కొన్నాళ్లు వేరుగా ఉంచుతారు. అప్పుడు కూడా తల్లికి బిడ్డని చూపిస్తూ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి, ఇలా వేరుగా ఉంచడం ఇంకా అవసరమా అని పదిహేను రోజులకోసారి చూడాలి. ఇది కాగితం మీది మాట. తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే వార్డు బెంగళూరులోని పెద్ద మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌లో 2009లో పెట్టారు, మన దగ్గర అలాంటి పడక దొరకడం గగనం. కాబట్టి మీరే పూనుకోవాలి. చెల్లి నిద్ర లేచి నెమ్మదిగా ఉన్న వేళ చూసి, సిస్టర్‌ని అడిగి, పాపని మీ అమ్మ ఒళ్లో చూపించండి. ఎత్తుకుంటానంటే మంచం మీద కూర్చోబెట్టి ఇవ్వండి, మీ అమ్మ చెయ్యి కింద ఉండాలి. వద్దంటే బలవంతం చేయొద్దు, "కన్నతల్లివి కదా" అని దెప్పొద్దు.

పాలకి వస్తే, కొన్ని మందులతో ఇవ్వొచ్చు, లిథియం (మనసు నిలకడకి ఇచ్చే మందు) లాంటి వాటితో ఎక్కువమంది డాక్టర్లు వద్దంటారు. అడగకుండా ఇవ్వద్దు, అడగకుండా మాన్పించొద్దు. మాన్పించమంటే రొమ్ములు గడ్డకట్టకుండా ఏం చేయాలో ప్రసూతి వార్డు సిస్టర్ చూపిస్తుంది. పాల కోసమని అర్ధరాత్రి మాత్రం లేపొద్దు. ఇప్పుడు ఆ నిద్ర మందుతో సమానం.

కరెంటు ట్రీట్‌మెంట్ అంటే మీ అమ్మకి సినిమాలే గుర్తొస్తాయి. మత్తిచ్చి, కండరాలు వదులయ్యే మందిచ్చి చేస్తారు. ఆ రెండూ ఇవ్వకుండా చేయడాన్ని చట్టమే నిషేధించింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, మందు పనిచేసేదాకా ఆగలేనప్పుడు బాలింతలకి బాగా పనికొచ్చే వైద్యం అది. మీ చెల్లికి అవసరం పడకపోవచ్చు కూడా.

చుట్టాలకి "కుట్లు చీము పట్టి జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో పెట్టాం" అంటే చాలు. నిజమే కదా. ఊరందరికీ అంతకు మించి బాకీ లేరు. చెల్లి అత్తగారికి మాత్రం మొత్తం చెప్పండి. బారసాల వాయిదా వేస్తే ఏ దేవుడూ కోప్పడడు.

నాకొకటి ఎప్పుడూ మండుతుంది. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, అలా నలభై రెండో రోజు దాకా ఇంటికి వస్తుంది, పాపని తూకం వేస్తుంది. చుట్టాలు గౌనులు పట్టుకుని వస్తారు. అందరి కళ్లూ ఉయ్యాల మీదే. రాత్రి పడుకున్నావా అని ఆ కన్నదాన్ని అడిగేవాళ్లు వేళ్ల మీద లెక్క.

ఇంటికి వెళ్లాక బాగుంది కదా అని మాత్రలు ఆపేస్తారు, సగం మంది తిరిగి రావడం అలాగే చూశాను. ఎన్నాళ్లు వాడాలో డాక్టరే చెప్పాలి, సాధారణంగా నెలలు పడుతుంది. చాలామంది పూర్తిగా కోలుకుంటారు, ఆ పై అమ్మాయి రాసింది చూశావు కదా. డిశ్చార్జి కాగితం ఫొటో తీసి నీ ఫోన్‌లో, బావ ఫోన్‌లో పెట్టుకోండి. రేపు రెండో కాన్పుకి ఏ ఊళ్లో ఉంటారో, మొదటి చెకప్‌లోనే అది డాక్టరు ముందు పెట్టాలి.

మంగళగిరి పెద్దమ్మ

బావి మాట చదివాక నాకు అన్నం సయించలేదు. నాయనా, పిల్ల జాగ్రత్త. సిస్టర్ గారూ, మా మనవరాలికి వచ్చే నెల్లో నెలలు నిండుతాయి. మరి బాలింతకి నీళ్లు ఎన్ని ఇవ్వమంటారు?

రిటైర్డ్ సిస్టరమ్మ

దాహం వేసినన్ని, పెద్దమ్మ గారూ. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువే పడతాయి. కాచి చల్లార్చినవి చెంబుతో మంచం పక్కనే పెట్టండి, అడిగించుకోవద్దు. చెవుల్లో దూది మీ ఇష్టం.